మబ్బుకొండ నక్కమ్మ

జగిత్యాల
ఫిబ్రవరి 10

మిస్బా,

ఉత్తరం చూసి కంగారుపడకు, అందరం బాగున్నాం. పోస్టాఫీసు కౌంటరులో కూర్చుని రోజంతా ఊళ్ళోవాళ్ళ కవర్ల మీద ముద్రలు కొడతాను కదా, నా పేరు మీద మాత్రం ఒక్క కవరూ రాదని ఎప్పటినుంచో చిన్న దిగులు. అదొక సాకు. అసలు సంగతి ఏమిటంటే, మా ఇల్లు రెండే గదులు. ఫోన్‌లో నేను ఏ మాటన్నా అత్తమ్మకు వినబడుతుంది, సహస్రకూ వినబడుతుంది. సహస్ర గురించి సహస్ర వింటుండగా నీతో ఏం చెప్పను? జవాబు ఆఫీసు అడ్రసుకే రాయి.

నా పెళ్ళిలో చూశావు కదా, విజయేందర్ చెయ్యి వదలకుండా నిలబడ్డ పిల్ల. ఆయన మొదటి భార్య స్రవంతి కూతురు. స్రవంతి డెంగీతో పోయేనాటికి దానికి నాలుగేళ్ళు, ఇప్పుడు ఏడు. నేను ఈ ఇంటికి వచ్చి ఏడాది కావస్తోంది. మారాం చెయ్యదు, ఎదురు చెప్పదు. పెట్టింది తింటుంది. జడ వేస్తుంటే కదలకుండా కూర్చుంటుంది. కానీ నాతో, బస్సులో పక్క సీటు మనిషితో ఉన్నట్టుంటుంది. తన స్టాపు ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూస్తున్నట్టు.

మొన్న ఆదివారం అది వాళ్ళ నాన్న ఫోన్‌లో ఏదో జపాన్ బొమ్మల సీరియల్ చూస్తోంది. పెద్ద పెద్ద కళ్ళు, గాలికి ఎగిరే జుట్టు. చూడగానే నాకు మన నక్కమ్మ గుర్తొచ్చింది. "నా చిన్నప్పుడు గిట్లాంటిదే ఒకటి వచ్చేది, నక్క కథ" అన్నాను. అది తలెత్తి నన్ను చూసింది. "ఏ నక్క?" అంది. మిస్బా, ఏడాదిలో అది నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.

నాకు గుర్తున్నంత చెప్పాను. మబ్బుకొండ మీద తొమ్మిది తోకల నక్క. ఆడమనిషి రూపంలో తిరుగుతుంది. వరదలో బుట్టలో కొట్టుకొచ్చిన పసిపాపను తీసి పెంచుతుంది. పాపకు ఆపద వచ్చినప్పుడల్లా ఒక తోక వదులుకుని కాపాడుతుంది. ఊళ్ళో ఇళ్ళ తలుపుల మీద కత్తులు పట్టుకున్న కాపలా దేవుళ్ళ బొమ్మలుంటాయి, చీనాలో కొత్త సంవత్సరానికి అంటిస్తారే, అవి. ఆ బొమ్మలున్న గడప నక్క దాటలేదు. ఒకరోజు పాప తలుపు లోపల, నక్కమ్మ తలుపు బయట. అంతే, అక్కడ నాకు తెగిపోయింది. ఆ తర్వాత ఏమైందే?

విజయేందర్ నేను కలగన్నానంటున్నాడు. "చీనా కథ, జపాన్ బొమ్మ, తెలుగు మాటలు. మీ రెజిమెంటల్ బజార్ల ఎవరు చూసిన్రే గిది?" అని నవ్వాడు. నెట్‌లో ఎంత వెతికినా లేదు. నువ్వన్నా ఉన్నావు కదా, మీ ఇంట్లోనే కదా చూశాం. దాన్ని వెతికి పెట్టు. సహస్రకు చూపించాలి.

నీ
నవత


సికింద్రాబాద్
ఫిబ్రవరి 19

నవతా,

బేగంపేట దుకాణంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవి మిషన్ల కోసం వచ్చిన పెద్దవాళ్ళతో అరిచి అరిచి మాట్లాడి ఇంటికొస్తాను. అరవకుండా మాట్లాడే అవకాశం ఇచ్చావు, అల్లా నీకు మేలు చేయాలి.

నువ్వు కలగనలేదు. బడి నుంచి వచ్చి, మా అమ్మ ఇచ్చిన మరమరాలు తింటూ చూసేవాళ్ళం. కానీ ఒకటి చెప్పు, నక్క ఏ రంగు? నాకైతే ఎర్రనక్క అనే గుర్తు. మా అమ్మ తెల్లనిదంటుంది. ఆ రోజుల్లో మా టీవీలో మనుషులూ దేవుళ్ళూ క్రికెటర్లూ అందరూ ఆకుపచ్చగానే కనబడేవాళ్ళు కదా, మరి మనకు రంగెలా తెలిసిందో నాకిప్పుడు అర్థం కావడం లేదు.

చివర మాత్రం నాకు బాగా తెలుసు. నక్కమ్మ తలుపు కొట్టింది, పాప లోపలినుంచి గొళ్ళెం తీసింది, నక్కమ్మ లోపలికి పోయింది. నేను చూశాను.

కలీముల్లా మామూను అడిగాను. అప్పట్లో మన గల్లీలన్నిటికీ కేబుల్ కనెక్షన్లు ఆయనవే కదా. "ఏ నక్కమ్మా? నేను స్తంభాలెక్కి వైర్లు గుంజాల్నా, నక్కల్ని చూడాల్నా?" అని విసుక్కున్నాడు. కాసేపటికి ఆయనే మళ్ళీ వచ్చి, "ఒక చిన్న చానల్ ఉండె. కొన్ని నెలలు నడిచి బందైంది. క్రికెట్ ఒక్క ఓవర్ పోతే నా ఇంటి మీదికి వచ్చెటోళ్ళు. గా చానల్ పోతే ఎవ్వరు అడగలే. మీరిద్దరే చూసిన్రేమో" అన్నాడు.

మనమిద్దరమే చూసిన సీరియల్! నాకు నవ్వూ వచ్చింది, కొంచెం ఎలాగో కూడా అనిపించింది. వెతుకుతాను. నువ్వెలా ఉన్నావో మాత్రం నీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మిస్బా


జగిత్యాల
మార్చి 3

మిస్బా,

తలుపు తెరుచుకోలేదు. నేను ఖచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే ఆ రోజు ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను. మా అమ్మ ఎవరు కొట్టారని అడిగింది. మరి నువ్వు ఎలా చూశావు? మనిద్దరం ఒకే చాప మీద కూర్చున్నాం కదే!

సహస్రకు రోజూ కొంచెం కొంచెం చెబుతున్నాను. నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. దగ్గరికి రాదు, కానీ వింటుంది. నిన్న అడిగింది. "పాప నక్క సొంత బిడ్డ కాదు కద?"

"కాదు."

"మరి పాప సొంతమ్మ ఏడుంది?"

నాకు తెలియదే. మనమెప్పుడూ ఆలోచించలేదు చూడు! వరదలో పాప ఒక్కతే వచ్చింది, వాళ్ళమ్మ ఏమైందో ఎవరూ చెప్పలేదు. "తెల్వదు, కథల చెప్పలే" అన్నాను. అది నా ముఖంలోకి చాలాసేపు చూసి, లేచి బయటికి వెళ్ళిపోయింది. రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఏం తప్పు మాట్లాడానో అర్థం కాలేదు.

మిగతా అంతా మామూలే. నువ్వు త్వరగా వెతుకు. ఎండాకాలం సెలవుల్లోపు దొరికితే బాగుంటుంది.

నవత


సికింద్రాబాద్
మార్చి 17

ప్రియమైన నవతకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ రంజాన్ నెల నడుస్తోంది. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. సాయంత్రం ఇఫ్తార్ వేళకు రెజిమెంటల్ బజార్‌లో నడవడానికి చోటుండదు. అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. మా దుకాణంలో కొత్త ఏసీ పెట్టారు.

సీరియల్ దొరకలేదు. అంత పాతవి దొరకవట. పిల్లలకు ఇప్పుడు ఎన్నో మంచి బొమ్మల సినిమాలు ఉన్నాయి కదా, వేరే ఏదైనా చూపించు. కుందేలుదో ఏనుగుదో అయితే పిల్లలకు బాగుంటుంది.

అందరినీ అడిగానని చెప్పు.

మిస్బా


జగిత్యాల
మార్చి 27

మిస్బా,

"ప్రియమైన నవతకు"నా? ఏసీ పెట్టారా? నాతో నీ ఇరవై ఏళ్ళ స్నేహంలో ఎండల గురించి ఎప్పుడైనా మాట్లాడావా? నీకు అబద్ధం చెప్పడం రాదు, వచ్చినట్టు నటించడం అసలే రాదు. దొరికింది. దొరికినదాంట్లో ఏదో ఉంది. చెప్పు.

నేనూ ఒకటి దాచాను, అది ముందు చెబుతాను. స్రవంతి వాళ్ళమ్మ మీ ఊళ్ళోనే, ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటుంది. భర్త అక్కడి ఒక కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరే. జనవరిలో ఆమె ఫోన్ చేసింది. జూన్ నుంచి సహస్రను వాళ్ళ దగ్గరే ఉంచుకుని చదివిస్తారట. విజయేందర్ వెంటనే ఏమీ చెప్పలేదు. రోజూ బస్సు డిపో నుంచి వచ్చి నా ముఖం చూస్తాడు. "నువ్వేమంటవ్?" అంటాడు. నేను పంపిద్దామంటే, పరాయిది కాబట్టి వదిలించుకుంటోందంటారు. వద్దంటే, కన్నకూతురు పోయిన తల్లికి మనవరాలిని కూడా దక్కనివ్వలేదంటారు. ఆమెది న్యాయం కాదని నేనెలా అనగలను?

సహస్రను అడిగితే "అమ్మమ్మింటికే పోత" అంది. ఆలోచించను కూడా లేదు. అప్పటినుంచే రోజులు లెక్కపెట్టుకుంటోంది.

అందుకే ఆ నక్క కథ కావాలన్నాను. దానికి చూపిస్తే ఏమవుతుందనుకున్నానో నాకే తెలియదు. కనకపోయినా ఒక ఆడది ఒక పిల్లను పెంచిన కథ, అదొక్కటే నాకు తెలుసు. అది వెళ్ళిపోయేలోపు ఒక్కసారి నా పక్కన కూర్చుని చూస్తే చాలనుకున్నాను.

ఇప్పుడు నువ్వు చెప్పు.

నవత


సికింద్రాబాద్
ఏప్రిల్ 6

నవతా,

చెబుతాను. ముందు కూర్చో.

మార్చి మొదట్లోనే దొరికింది. పాత సీరియళ్ళు పోగుచేసుకునే పిచ్చివాళ్ళు కొందరు ఒక సైట్ పెట్టుకున్నారు. మాటలు జపాన్ భాషలో, కింద ఇంగ్లిష్ అక్షరాలు. ఇప్పటిదాకా దాన్ని చూసినవాళ్ళు వంద మంది కూడా లేరు. నక్కను చూడగానే గుర్తుపట్టాను. తెల్లనిదే. మా అమ్మే గెలిచింది.

కానీ నవతా, అందులో నక్క దొంగ.

పాప వరదలో రాలేదు. మొదటి భాగం ఒక ఇంటి వాకిట్లో మొదలవుతుంది. తల్లి పాపను బుట్టలో పడుకోబెట్టి నీళ్ళకు వెళుతుంది. నక్క గోడ దూకి బుట్ట ఎత్తుకుపోతుంది. ఆ తర్వాతే వరద, ఆ తర్వాతే నది. మనం పాపను కాపాడుతోందనుకున్న నక్క పారిపోతోంది. ప్రతి భాగంలోనూ ఒక ఆడమనిషి ఊరూరా తిరుగుతూ కనబడుతుంది, గుర్తుందా? మనం మంత్రగత్తె అని భయపడేవాళ్ళం, ఆమె వస్తే నువ్వు నా చున్నీలో దూరేదానివి. ఆమె పాప కన్నతల్లి. బిడ్డ కోసం వెతుకుతోంది.

చివర మనిద్దరికీ తెలియదు. తల్లి పాపను ఇంటికి తీసుకుపోతుంది. తలుపు మీద దేవుళ్ళ బొమ్మలు అంటిస్తారు. నక్కమ్మ బయట నిలబడి పిలుస్తుంది. పాప లోపలినుంచి "నువ్వు మా అమ్మవు కాదు" అంటుంది. ఆఖరి తోక కూడా రాలిపోయి నక్క కొండెక్కి వెళ్ళిపోతుంది. తర్వాత పాప పెద్దదై ఉంటుంది. కొత్త సంవత్సరం వస్తుంది. ఊళ్ళో అందరూ తలుపులకు కొత్త బొమ్మలు అంటిస్తారు. ఆమె తన తలుపుకు మాత్రం అంటించదు. ఒక్క మాటా ఉండదు. అయిపోతుంది. అది క్షమించడమో, మర్చిపోవడమో, బద్ధకమో నాకు తెలియలేదు.

ఇది నీకెలా రాయను? అందుకే ఏసీ గురించి రాశాను.

అయినా మనసాగలేదు. మనం విన్నది మరి ఎవరి కథ? మామూను వేధించి, తెలుగులో నక్కమ్మకు గొంతిచ్చినామె ఎవరో కనుక్కున్నాను. పేరు మేబెల్. లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఉంటుంది. చర్చిలో పాడేదట, రేడియో నాటకాలు వేసేదట. తలుపు తీసి "ఎవరమ్మా మీరు?" అంది. అదే గొంతు. కొంచెం బొంగురుపోయింది, అంతే.

ఆమెకు సగం గుర్తులేదు. ఏవేవో పది సీరియళ్ళు కలిపేసింది. కాసేపు తాను నక్కకు కాదు, ఒక తాబేలుకు చెప్పానంది. అప్పుడు నేను "బంగారుకొండా, ఏడవకు, నా తోక కప్పుకో" అని నక్కమ్మ మాట చెప్పాను. ఆమె టీ కప్పు కింద పెట్టి నవ్వింది.

"అరె, గదా! నక్కలెక్క ఊళ పెట్టీ పెట్టీ వారం దినాలు నాకు గొంతు పోయింది. చర్చిల పాటకు పోలే."

"అమ్మా, ఆ నక్క దొంగట. మీరు తల్లి అని ఎందుకు చెప్పారు?"

ఆమెకు అర్థం కాలేదు. ఫోన్ తీసి మొదటి భాగం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చూసింది.

"ఇది మా దాక రాలేదమ్మా. మాకు రెండో టేపు నుంచే వచ్చింది. కాగితాలు సుత సగం వచ్చేవి, సగం రాకపోయేవి. బొమ్మ చూసి, పెదవులు చూసి మాటలు అల్లెటోళ్ళం. మేము చూసేసరికి ఆమె నడుంలోతు నీళ్ళల్ల బుట్ట పట్టుకొని ఉంది. ఒడ్డుకు తెచ్చి, తన కొంగుతోని పాప ముఖం తుడిచింది. దొంగ గట్ల తుడుస్తదా? తల్లే అనుకున్నం."

నేను ఫోన్ ఆపి సంచిలో పెట్టాను. ఆమే అడిగింది, "లాస్టుకు ఏమైందమ్మా? చానల్ బందైంది, మాకు చివరి టేపులు రాలే." అంటే నక్కమ్మకు గొంతిచ్చిన మనిషికి కూడా నక్కమ్మ ఏమైందో తెలియదు! చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి, "నేనైతే ఆ పాపతోని గట్ల అనిపించకపోదును. కానీ ఆ తల్లి సుత తల్లే కద. నాకేం సమజైతలేదు" అంది.

నాకూ కాలేదు నవతా. లింకు నా దగ్గరుంది. నువ్వు అడిగితేనే పంపుతాను.

మిస్బా


జగిత్యాల
ఏప్రిల్ 24

మిస్బా,

నువ్వు లింకు పంపిన మూడో రోజే చూశాం. జవాబు ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదో చదివితే నీకే తెలుస్తుంది.

నేను రెండో భాగం నుంచి పెడదామనుకున్నాను. మనకు తెలిసిన నక్కమ్మే అందులో ఉంటుంది, మొదటిది లేనట్టే నటిద్దామనుకున్నాను. సహస్ర ఒప్పుకోలేదు. "ఒకటి నొక్కు, ఒకటి నుంచే చూడాలె" అంది. మధ్యాహ్నం, అత్తమ్మ పక్కింటికి వెళ్ళింది. చాప మీద ఫోన్ గోడకు ఆనించి పెట్టాను. జపాన్ మాటలు దానికీ రావు, నాకూ రావు. నేను మేబెల్‌గారి మాటలు గుర్తున్నంత వరకు చెబుతూ పోయాను. కానీ అది ఇంగ్లిష్ మీడియం కదే. కింద అక్షరాలు కూడబలుక్కుంటోంది.

"ఆపు, ఆపు. థీఫ్ అని ఉంది. థీఫ్ అంటే దొంగ కద?"

"అవు."

"నువ్వు అమ్మ అని చెప్పినవ్."

"నా చిన్నప్పుడు తెలుగుల గట్లనే చెప్పిన్రు."

"మరి ఏది నిజం?"

"నాకు సుత తెల్వదు సహస్రా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కన్నతల్లి ఖాళీ వాకిట్లో నిలబడి ఉన్న బొమ్మ మీద వేలు పెట్టింది.

"మా అమ్మ సుత గిట్లనే నా కోసం చూస్తుంటది."

"ఎక్కడ?"

"అమ్మమ్మింట్ల. ఏ.ఎస్. రావు నగర్ల." నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "దవఖాన్ల నుంచి వచ్చినంక ఆడనే పడుకొని ఉంటది. నేను ఫోన్ చేసినప్పుడల్ల పడుకునే ఉంటది. లేపొద్దంటది అమ్మమ్మ. నువ్వు ఈడ ఉన్నవు కద, అందుకే ఇంటికి వస్తలేదు. నేనే పోవాలె."

మిస్బా, దానికి తెలియదు. మూడేళ్ళుగా దానికి తెలియదు.

సాయంత్రం విజయేందర్‌ను అడిగాను. "మా అమ్మ చెప్పిందనుకున్న" అన్నాడు. అత్తమ్మేమో, "వాళ్ళ అమ్మమ్మ చెప్పిందనుకున్న బిడ్డా" అంది. చావు రోజున పిల్లను పక్కింట్లో ఉంచారట. మాసికానికీ, సంవత్సరీకానికీ అంతే. మూడేళ్ళలో అమ్మమ్మింటికి కూడా ఒక్కసారీ తీసుకుపోలేదట. ఆ తర్వాత నేను వస్తున్నానని, కొత్త కోడలికి బాగుండదని, అత్తమ్మ స్రవంతి ఫొటో తీసి బీరువాలో పెట్టిందట. దండ వేసిన ఫొటో కళ్ళముందుంటే ఏదో ఒకరోజు అదే అడిగేది. నా కోసం తీశారు. నేను అడగలేదు కూడా.

ఏ.ఎస్. రావు నగర్‌కు ఫోన్ చేశాను. "సహస్ర వాళ్ళమ్మ అక్కడ ఉందనుకుంటోందమ్మా" అన్నాను. వాళ్ళ అమ్మమ్మ ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు ఎవరు చెప్పాలి? విజయేందర్ నోరు తెరుస్తాడు, మూస్తాడు. నేను చెప్పనా? వాళ్ళమ్మ స్థానంలోకి వచ్చినదాన్ని, నేను పోయి మీ అమ్మ లేదు అంటే, అది నమ్మాలా? ఆ నక్క అయినా అలాగే చెప్పి ఉండేదేమో పాపతో, మీ అమ్మ వరదలో పోయిందని. ఆలోచిస్తే తల తిరుగుతోంది. ఈరోజు బడికి సెలవులిచ్చారు. దాని బట్టలు అదే మడత పెట్టుకుంటోంది.

నవత


సికింద్రాబాద్
ఏప్రిల్ 30

నవతా,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. ఒక పెద్దాయన చెవి మిషన్ పెట్టించుకోవడానికి వచ్చి, నా ముఖం చూసి "నేను మల్ల వస్త తీ బిడ్డా" అని వెళ్ళిపోయాడు.

ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. చెప్పాలని ఒకసారి, ఇంకొంత పెద్దయ్యాక చెప్పొచ్చని ఒకసారి అనుకున్నాను. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ పిల్లను ఒంటరిగా పంపకు. వాళ్ళ నాన్నతో కూడా పంపకు. ఆయన గేటు దగ్గర దింపి మాట రాక వెనక్కి వచ్చేస్తాడు. అది లోపలికి పరుగెత్తి ఖాళీ మంచం చూస్తుంది. ఆ నిమిషంలో ఎవరో ఒకరు దాని పక్కన ఉండాలి. అది నిన్ను దొంగ అన్నా సరే, నువ్వే ఉండు.

మేబెల్‌గారికి చెప్పాను, క్షమించు, చెప్పకుండా ఉండలేకపోయాను. పిల్లకు ఫోన్ చేసి నక్కమ్మ గొంతుతో మాట్లాడనా అని అడిగింది. వద్దమ్మా, దానికి ఇప్పటికే తప్పుడు గొంతులు ఎక్కువయ్యాయి అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. ప్రార్థనలో తలుచుకుంటానంది.

వస్తే కబురు పెట్టు. సెలవు పెట్టి వచ్చేస్తాను.

మిస్బా


ఏ.ఎస్. రావు నగర్
మే 8

మిస్బా,

అవును, మీ ఊళ్ళోనే ఉండి ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఏడుస్తాను, ఇక్కడ ఏడ్చేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. ఆదివారం రా. సహస్రను చూద్దువుగాని.

పోయిన శుక్రవారం వచ్చాం, ముగ్గురం. నువ్వన్నట్టే విజయేందర్ గేటు దగ్గరే ఆగిపోయాడు. సహస్ర చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తింది. వెనకగది తలుపు తోసింది. మంచం మీద దుప్పటి మడత చెదరకుండా ఉంది. కిటికీలో స్రవంతి దువ్వెన అలాగే ఉంది. "అమ్మ ఏది?" అంది. బాత్రూమ్ చూసింది, పెరడు చూసింది, మళ్ళీ వచ్చి "అమ్మ ఏది?" అంది. వాళ్ళ అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తాతయ్య గోడవైపు తిరిగాడు.

నేను దాని ముందు కింద కూర్చున్నాను. అటూఇటూ తిప్పే మాటలు దారంతా తయారు చేసుకున్నాను, ఒక్కటీ రాలేదు. "అమ్మ చచ్చిపోయింది సహస్రా. నీకు నాలుగేండ్లప్పుడు. జ్వరమొచ్చి, దవఖాన్లనే. మళ్ళ రాదు" అన్నాను.

"అబద్ధం. నువ్వు దొంగవు" అంది. గట్టిగా కాదు. నా భుజం మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది. నేను ఊరుకున్నాను.

అప్పుడు వంటింటి గడపలోంచి వాళ్ళ అమ్మమ్మ, "నిజమే బిడ్డా. నేనే నీకు అబద్ధం చెప్పిన" అంది. గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. "నువ్వు ఫోన్ చేసి అమ్మ ఏం చేస్తుందని అడుగుతుంటివి. పడుకుందని చెప్తుంటి. గా ఒక్క నిమిషం నా బిడ్డ లోపల పడుకున్నట్టే ఉండేది నాకు. చెప్పకుండ ఉండలేకపోతి."

సహస్ర ఏడవలేదు. మంచం కిందికి దూరింది. సాయంత్రం దాకా రాలేదు. నేను ఈ పక్క నేలమీద కూర్చున్నాను, ఆమె ఆ పక్క కూర్చుంది. మేమిద్దరం అంతకుముందు రెండు మాటలు కూడా మాట్లాడుకున్నవాళ్ళం కాదు. మధ్యలో ఒకసారి ఆమె లేచి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఒకటి నాకిచ్చింది, ఒకటి మంచం కిందికి తోసింది. కాసేపటికి ఖాళీ గ్లాసు బయటికి వచ్చింది.

ఆ తర్వాతి మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఉన్నట్టుండి ఏడ్చేది, ఉన్నట్టుండి ఆడుకునేది. నన్ను చూసి ముఖం తిప్పుకునేది, అమ్మమ్మను చూసినా తిప్పుకునేది. విజయేందర్‌ను మాత్రం వదల్లేదు. ఆయనా మొదటిసారి దాని ముందు ఏడ్చాడు. సోమవారం డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను లీవు పెంచుకున్నాను. పక్కింటామె గేటు దగ్గర నన్ను చూసి "ఎవరమ్మా ఈమె?" అని అడిగింది. వాళ్ళ అమ్మమ్మ నావైపు చూసింది, నేను ఆమెవైపు చూశాను. చివరికి "మా పిల్లనే" అనేసింది. ఆ మాటకు ఆమే ఆశ్చర్యపోయి లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ సంగతి నిన్న ఆమే ఎత్తింది. విజయేందర్‌తో కాదు, నాతో. "మీ బడిల్నే సదువుకోనీ. ఈడ ఉంటే నేను మళ్ళ గా అబద్ధంలనే పడ్త. సెలవులకు తోలు, నువ్వు సుత రా" అంది. సరేనన్నాను. సంతోషించాలో వద్దో తెలియలేదు. ఆమె చేతిలోంచి నేను ఏదో తీసుకున్నట్టే ఉంది ఇప్పటికీ.

ఈరోజు మధ్యాహ్నం సహస్ర వచ్చి వాళ్ళ అమ్మమ్మ ఎదురుగా కూర్చుంది. "అమ్మ గురించి చెప్పు. నిజంది చెప్పు" అంది.

ఆమె మొదలుపెట్టింది. స్రవంతి చిన్నప్పుడు స్కూటర్ నేర్చుకుంటానని తాతయ్య బండి తీసి ఎదురింటి గోడకు గుద్దిందట. చారులో ఇంగువ వేస్తే తినేది కాదట. కంపెనీ గ్రౌండ్‌లో జరిగిన ఆటల పోటీల్లో పరుగు పందెంలో పడిపోయి, లేచి, నవ్వుతూ చివర్లో వచ్చిందట. చెప్పేకొద్దీ ఆమె గొంతు తేరుకుంది. "ఇంక?" అంటోంది సహస్ర. ఆమె ఇంకోటి చెబుతుంది. "ఇంక?" అంటుంది మళ్ళీ.

నాకూ అన్నీ కొత్తే. ఏడాదిగా ఆ పేరు వినడానికే భయపడ్డాను. ఇప్పుడు ఆ పరుగు పందెం పిల్లను చూస్తే బాగుండేదనిపించింది.

వింటూ వింటూ సహస్ర ఎప్పుడు జరిగిందో గమనించలేదు. వీపు నా మోకాలికి ఆనించి కూర్చుంది. నన్ను చూసి కాదు, గోడకు ఆనుకున్నట్టే ఆనుకుంది. కాసేపటికి బరువంతా నా మీద వేసింది. వాళ్ళ అమ్మమ్మ చూసింది, మాట ఆపలేదు. పొద్దువాలిందాకా అలాగే చెబుతూ పోయింది. నా కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది.

నేను కదల్లేదు.

నీ
నవత